బుగ్గన కరక్కాయ, చేతిలో కలం

అల్వాల్, సికింద్రాబాద్
శనివారం మధ్యాహ్నం

అక్కకు,

నీ చెల్లెలు ప్రసన్న ఎన్నెన్నో వందనాలు చెప్పి రాసేది. దేవుడి దయవల్ల నేనిక్కడ బాగున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? పాలకొల్లు డాక్టరు రాసిన మాత్రలు వేసుకుంటోందా, లేక దిండు కింద దాచేస్తోందా? బావగారు, పిల్లలు కులాసాయేనా? చిన్నదానికి పళ్ళు కదులుతున్నాయన్నావు, ఊడాయా?

చేతిలో ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నువ్వు కంగారు పడతావు. పడకు. డాక్టరు నన్ను పది రోజులు నోరు మూసుకోమన్నారు. గుసగుసలు కూడా వద్దన్నారు. గుసగుసలాడితే గొంతు ఇంకా అలిసిపోతుందట. నువ్వేమో రోజూ ఫోన్ చేసి, నేను ఎత్తకపోతే మెసేజ్‌లు పెడుతున్నావు. ‘బాగున్నాను’ అని నేను కొట్టిన ఆ ఒక్క మాటను నువ్వు నమ్మడం లేదని నాకు తెలుసు. జరిగిందంతా ఫోనులో వేలితో కొట్టే ఓపిక నాకు లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇవాళ్టికి తొమ్మిది రోజులైంది. జ్వరం లేదు, నీరసం లేదు. అన్నం బాగానే తింటున్నాను. మళ్ళీ చెబుతున్నాను, నేను బాగున్నాను.

ఇక్కడ చలి మొదలైంది. మన గోదావరి చలి కాదిది. ఒంటికి తడి తగలదు కానీ పొడిపొడిగా వచ్చి ముక్కులో, గొంతులో కూర్చుంటుంది. పొద్దున్నే బస్సు కోసం నిలబడితే రోడ్డు మీద దుమ్మూ మంచూ కలిసిపోయి ఉంటాయి. జొన్నరొట్టె అలవాటు చేసుకున్నాను. చేపలు మాత్రం ఐసు వాసనేస్తాయి, తినలేకపోతున్నాను. మీరు ఆదివారం చేపల పులుసు వండుకుంటుంటే నేను గుర్తొస్తున్నానా? నాకైతే మీరు రోజూ గుర్తొస్తారు.

ఇంక అసలు సంగతి. జూన్‌లో నేను చేరినప్పుడు తెలుగుకి ఇద్దరం టీచర్లం. ఆగస్టులో ఆ రెండో ఆవిడ మానేసింది. కరస్పాండెంట్ సారు కొత్తవాళ్ళని తీసుకోకుండా ఐదో తరగతి రెండు సెక్షన్లనీ కలిపి రేకుల హాల్లో కూర్చోబెట్టారు. డెబ్భై నాలుగు మంది. పక్కనే రోడ్డు, ఆ రోడ్డు మీద నీళ్ళ ట్యాంకర్లు. నేను ఎత్తుకున్న పద్యం వెనక బెంచీ దాకా పోవాలంటే అరవాలి. అరిచాను. సెప్టెంబరు అరిచాను, అక్టోబరు అరిచాను. నవంబరు మొదటి వారంలో ఓ సోమవారం హాజరు పిలుస్తుంటే గొంతులోంచి గాలి తప్ప ఇంకేమీ రాలేదు. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాననుకో, కానీ లోపల భయమేసింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి గేటు తీస్తూ యాదమ్మకి నమస్తే చెప్పబోతే ఆవిడకి వినపడలేదు. యాదమ్మంటే మా ఇంటి ఓనరు. డెబ్భై దాటిన మనిషి. కింద ఆవిడ, పైన నేను. మొగుడు పోయాక ముప్పై ఏళ్ళు తోపుడు బండి మీద కూరగాయలమ్మి ఈ రెండు గదులపైన రెండు గదులు కట్టుకుంది. ఇప్పుడు బండి లేదు కానీ గొంతు మాత్రం ఈ వీధి చివరి దాకా వినిపిస్తుంది.

“ఏందమ్మా, గొంతు గిట్ల కూసున్నది?” అంది.

నేను చెయ్యి ఊపి పైకెళ్ళిపోయాను. పావుగంటకి ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది, కొంగులో ఏవో ఆకులు పట్టుకుని. మిద్దె మీద పెయింటు డబ్బాల్లో ఆవిడ పెంచే మొక్కలన్నీ నేను చూశాను కానీ ఏది ఏమిటో ఎప్పుడూ అడగలేదు. దళసరిగా, నూగుతో, అంచులు కత్తిరించినట్టుండే ఆకు వామాకు. నాలుగాకులు పెనం మీద వాడ్చి, గుడ్డలో పెట్టి పిండి, ఆ రసంలో తేనె కలిపి నా చేతిలో పెట్టింది. “మింగకు, జెర గొంతుల నిలవెట్టి తర్వాత మింగు” అంది. ఘాటుగా దిగింది. దిగినంతమేరా గొంతు వెచ్చబడింది. అక్కా, ఎవరో నిమిరినట్టే అనిపించింది. ఇన్ని నెలల్లో నాకు ఎవరైనా ఇలా చేతికి అందించి, తాగేదాకా ఎదురుగా నిలబడటం అదే మొదటిసారి. ఆవిడ దిగి వెళ్ళాక కాసేపు ఏడ్చాను. ఇది అమ్మకి చదివి వినిపించకు.

మర్నాటి నుంచి రోజుకో వైద్యం. పొద్దున పసుపూ ఉప్పూ వేసిన వేడినీళ్ళు పుక్కిలించడం. బడికెళ్ళేముందు అల్లం, మిరియాలు, తులసి వేసి మరగబెట్టిన కషాయం. దారిలో బుగ్గన కరక్కాయ ముక్క. మొదట వగరుకి మొహం వంకర్లు పోయింది, ఇప్పుడది లేకపోతే ఏదో వెలితిగా ఉంది. సాయంత్రం తమలపాకులో రెండు మిరియాలు చుట్టి నమలడం. ఇది అమ్మ చేసేదే, గుర్తుందా? క్రిస్మస్ పాటల ప్రాక్టీసుకి మనిద్దరి గొంతులూ పోతే నడవాలో కూర్చోబెట్టి నమిలించేది. ‘మా అమ్మ కూడా ఇంతే’ అని కాగితం మీద రాసి చూపించాను, కానీ యాదమ్మకి చదువు రాదు. చేతులతో సైగ చేశాను. అర్థమైంది. “తల్లులందరు ఒక్క బడిల్నే సదివిండ్రు” అంది.

తులసి దగ్గర ఒక తమాషా జరిగింది. గుమ్మం ముందు ఆవిడ పూజ చేసుకునే తులసికోట ఉంది, ఆ ఆకులు కోసి నాకిస్తోందేమోనని నేను తాగకుండా తటపటాయించాను. ఆవిడ కనిపెట్టింది. మిద్దె మీదికి తీసుకెళ్ళి ఇంకో డబ్బా చూపించింది. “గది పూజకు, గిది దగ్గుకు. గిది నువ్వు సుత తెంపుకోవచ్చు” అంది. బావగారికి చెప్పు, తులసి కషాయం తాగినంత మాత్రాన నా బాప్తిస్మం కరిగిపోలేదు.

స్టాఫ్‌రూములో మాత్రం నవ్వారు. నా ఫ్లాస్కు మూత తీస్తే చాలు “అడవి వచ్చింది” అనేవారు. నేను పట్టించుకోలేదు. ఆ కషాయం తాగిన రెండు గంటలూ నా గొంతు నాకు దక్కేది. ఆ రెండు గంటల్లో మూడు పీరియడ్లు లాగేసేదాన్ని. మధ్యాహ్నానికి మళ్ళీ పోయేది. అలా మూడు వారాలు. నేనేమో వైద్యం పనిచేస్తోందనుకున్నాను. యాదమ్మే ముందు అంది, “బిడ్డా, ఆకు గొంతును ఓదారుస్తది. గంతే. గొంతుకు తక్లీఫ్ ఇచ్చేటోళ్ళతోని లొల్లి నువ్వే పెట్టుకోవాలె.”

ఆ మాట అప్పుడు నా చెవికెక్కలేదు. పైగా సొంత తెలివి ఒకటి చూపించాను. మార్కెట్‌లో అతిమధురం పుల్లలు దొరికితే ఒక కట్ట కొన్నాను. ఇక్కడ ములేఠీ అంటారు. లోపల పసుప్పచ్చగా పీచుపీచుగా ఉంటుంది, నాలుక మీద పెడితే తియ్యగా ఊరుతుంది. అంతకుముందు యాదమ్మ తన డబ్బాలోంచి చిన్న ముక్కే ఇచ్చింది, నేనేమో ఆ కట్టలోవి రోజంతా నములుతూనే ఉన్నాను, హాజరు పిలిచేటప్పుడూ, పేపర్లు దిద్దేటప్పుడూ. పది రోజులకి తలనొప్పి పట్టుకుంది. కాళ్ళు ఉబ్బాయి. అప్పుడు భయపడి డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

డాక్టరు నా ఈడు అమ్మాయే. గొంతులోకి సన్నటి కెమెరా పంపి చూసింది. తర్వాత బీపీ చూసి ఆగిపోయింది.

“మీరు బీపీ మాత్ర వేసుకుంటున్నారు కదా, ఇంత ఎందుకుంది? ఇంకేమైనా వాడుతున్నారా?”

నేను లేదని తలూపాను. తిడుతుందని భయం. ఆమె నా బ్యాగులోంచి తొంగి చూస్తున్న పుల్లల కట్ట వైపు చూసి చెయ్యి చాపింది. ఇచ్చేశాను.

“అతిమధురం. గొంతుకి హాయిగానే ఉంటుంది. కానీ ఎక్కువ తింటే బీపీ పెరుగుతుంది. అసలే బీపీ ఉన్నవాళ్ళు దీని జోలికి పోకూడదు. ఈరోజుతో ఆపేయండి. అల్లం, తేనె, తులసి, ఉప్పు నీళ్ళు మీ ఇష్టం. కానీ మేడమ్, అవి మీ గొంతుని బాగుచెయ్యవు. మీ స్వరపేటిక మీద కాయలు కాసినట్టు బుడిపెలున్నాయి. అరిచి అరిచి వచ్చినవి. పది రోజులు పూర్తిగా మౌనం. ఆ తర్వాత ఎలా మాట్లాడాలో నేర్పిస్తాం. అరవడం మాత్రం ఇక కుదరదు.”

ఇంటికొచ్చి యాదమ్మకి ఆ పుల్లలు చూపించి, తల పట్టుకున్నట్టు సైగ చేసి, వద్దని చెయ్యి ఊపాను. నేను సంగతి రాసిచ్చిన కాగితం ఎదురింటావిడ చేత చదివించుకుంది. యాదమ్మ మొహం చిన్నబోయింది. “గట్లనా! నాకు ఎర్క లేదు బిడ్డా. తెల్వంది తెల్వదనాలె” అని డబ్బాలో ఉన్న పుల్లలన్నీ తీసి పక్కన పెట్టేసింది. ‘తప్పు నాది, నువ్విచ్చింది చిటికెడు’ అని రాశాను. అది కూడా చదివించుకుని నా చెంప మీద ఒకటి మెల్లగా వేసింది.

మర్నాడు డాక్టరు కాగితం పట్టుకుని కరస్పాండెంట్ సారు గదికి వెళ్ళాను. ఆయన చదివి, సొరుగులోంచి ఇంకో కాగితం తీశారు. ముందే టైపు చేయించి పెట్టారు. ఆరోగ్య కారణాల వల్ల స్వచ్ఛందంగా రాజీనామా చేస్తున్నానని అందులో ఉంది. కింద నా పేరు, సంతకానికి చోటు.

“మేడమ్, ఫీల్ గాకండి. టీచర్ అంటేనే వాయిస్. వాయిస్ లేకపోతే ఎట్ల? సైన్ చేసేయండి. సర్టిఫికెట్ మంచిగ రాసిస్తం. మీ ఊర్ల హాయిగ రెస్ట్ తీస్కోండి.”

అక్కా, నీకు తెలుసు, నేను చిన్నప్పటి నుంచీ ఎదురు మాట్లాడే మనిషిని కాదు. మన ఊళ్ళో బడి మూసేసినప్పుడు కూడా నోరెత్తకుండా పెట్టె సర్దుకుని వచ్చేశాను. కానీ ఆ రోజు నోరు లేనప్పుడే నాకెక్కడి నుంచో ధైర్యం వచ్చింది. నోట్‌బుక్కులో పెద్ద అక్షరాలతో రాశాను: ‘సంతకం పెట్టను.’

“మరి పది రోజులు క్లాస్ ఎట్ల తీస్కుంటరు?”

‘రేపు వచ్చి చూడండి’ అని రాశాను. రాసి బయటికొచ్చేశాను. రేపు ఏం చెయ్యాలో నాకే తెలియదు.

మొదటి రోజు బోర్డు మీద రాశాను: ‘నా గొంతుకి దెబ్బ తగిలింది. పది రోజులు మాట్లాడను. పాఠం ఆగదు.’ ఆ రోజూ మర్నాడూ నరకం చూపించారు పిల్లలు. అరుపులు, విజిల్స్, కాగితపు బాణాలు. నేను అరవలేను కదా, అలా నిలబడి చూస్తూ ఉండిపోయాను. మూడో రోజు ఒక్కొక్కరూ చల్లబడ్డారు. బోర్డు మీద రాస్తే ఒకరు చదవాలి, తప్పయితే నేను సుద్దతో దిద్దాలి, ఒప్పయితే అందరూ అనాలి. నేను అరవకపోయేసరికి వాళ్ళకీ అరిచే పని లేకపోయింది. నాలుగో రోజు రేకుల మీద పావురాలు నడుస్తున్న చప్పుడు వినిపించింది. అన్ని నెలల్లో ఆ చప్పుడు మేమెవరమూ వినలేదు.

అదే రోజు సారు వచ్చి వరండాలో నిలబడ్డారు. చాలాసేపు చూశారు. నేను గెలిచాననుకున్నాను. ఇంటర్వెల్‌లో పిలిచి ఏమన్నారో తెలుసా?

“సూపర్ మేడమ్! వాయిస్ లేకుండనే డెబ్భై నాలుగు మందిని మేనేజ్ చేస్తున్నరు. ఇంక సెక్షన్లు విడదీసుడెందుకు? గిట్లనే నడవనియ్యండి.”

ఒళ్ళు మండిపోయింది. నా మౌనం కూడా ఆయనకే ఉపయోగపడింది. అప్పుడు గుర్తొచ్చింది యాదమ్మ మాట. లొల్లి నేనే పెట్టుకోవాలి.

స్టాఫ్‌రూముకి వెళ్ళి నోట్‌బుక్కులో ఒక ప్రశ్న రాసి బల్ల మీద పెట్టాను: ‘మీ గొంతు ఎలా ఉంది?’ ముందు అందరూ నవ్వారు. హిందీ మేడమ్ నవ్వుతూనే పెన్ను తీసుకుంది. రాయడం మొదలుపెట్టాక నవ్వు ఆగిపోయింది. రెండేళ్ళుగా సాయంత్రమయ్యేసరికి ఇంట్లో పిల్లలతో మాట్లాడలేకపోతోందట. లెక్కల సారు చప్పరించే బిళ్ళలు లేకుండా క్లాసుకి వెళ్ళలేనని రాశారు. సైన్సు మేడమ్ దగ్గితే రక్తపు చార కనపడిందనీ, ఇంట్లో చెప్పలేదనీ రాసింది. అది చదివి నేను డాక్టరు చీటీ ఆమె చేతిలో పెట్టి, ఆ సాయంత్రమే తీసుకెళ్ళాను. భయపడాల్సిందేమీ లేదన్నారు, మందులిచ్చారు. మొత్తం తొమ్మిది మంది రాశారు. నన్ను చూసి ‘అడవి’ అన్నావిడ అందరికన్నా పొడుగ్గా రాసింది. రాసి, నా ఫ్లాస్కులోది కాస్త పొయ్యమని గ్లాసు చాపింది. పోశాను.

చివర్లో నేను మూడు విషయాలు రాశాను. రెండు సెక్షన్లు విడదీయాలి, రేకుల హాల్లో మైకు పెట్టాలి, ఎవరినీ గొంతు పోయిందని పంపించెయ్యకూడదు. అందరూ సంతకాలు చేశారు. ఆయన చూపించిన కాగితం మీద పెట్టని సంతకం దీనికింద పెట్టాను, అన్నిటికన్నా పెద్దగా.

నోట్‌బుక్కు ఆయన బల్ల మీద పెట్టినప్పుడు తొమ్మిది మందీ నా వెనక నిలబడ్డారు. ఆయన పేజీలు తిప్పారు.

“యూనియన్ పెడ్తున్నరా మేడమ్?” అన్నారు నన్ను చూసి.

నేను పెన్ను తీసేలోపే హిందీ మేడమ్ అంది, “ఏం లేదు సార్. మాట్లాడనీకె గొంతు అడుగుతున్నం.”

వచ్చే మంగళవారం నుంచి హాలుకి మధ్యలో ప్లైవుడ్ అడ్డం కడతారట. ఒకటో తారీఖుకి ఇంకో తెలుగు టీచరు వస్తుందట. మైకు వచ్చింది, దాని కోసం అందరూ వంతులు వేసుకుంటున్నారు. అన్నీ మంచే జరిగాయనుకోకు. వార్షికోత్సవం పనుల్లోంచి నా పేరు తీసేశారు. కారిడార్‌లో ఎదురుపడితే సారు గోడ వైపు చూస్తూ వెళ్ళిపోతున్నారు. చూడనీ. రాజీనామా కాగితం మాత్రం మళ్ళీ కనపడలేదు.

మొన్న ఆదివారం ఇక్కడి చర్చిలో మాత్రం కష్టమనిపించింది. అందరూ పాడుతుంటే పెదాలు బిగించుకుని నిలబడ్డాను. నోరు తెరిచి ఒక్క చరణం పాడితే ఏమవుతుందిలే అనిపించింది. పాడలేదు. ఇప్పుడు ఆగితే తర్వాత ఎన్నేళ్ళో పాడుకోవచ్చు.

బావగారి మెసేజ్ చూశాను. భీమవరంలో వాళ్ళ స్నేహితుడి షాపులో కంప్యూటర్ మీద బిల్లులు కొట్టే పని ఉందనీ, నోటితో పనే లేదనీ, వచ్చెయ్యమనీ రాశారు. ప్రేమతోనే రాశారని తెలుసు. కోపం తెచ్చుకోవద్దని చెప్పు. నేను రాను. నోటితో పని లేని ఉద్యోగం నాకు వద్దు. ఒంటరి ఆడపిల్ల ఆ దుమ్ములో ఎందుకని మందిరంలో అడిగేవాళ్ళకి కూడా ఇదే చెప్పు. దుమ్ము ఉంది, నిజమే. నేనూ ఉన్నాను.

ఒక చిన్న సాయం. వచ్చేవాళ్ళెవరైనా ఉంటే కాస్త తాటి కలకండ పంపించు. యాదమ్మ ఎప్పుడూ చూడలేదట, కషాయంలో వేసి చూపిస్తాను. డాక్టరమ్మకి కూడా కొంచెం ఇవ్వాలి. అమ్మని ప్రార్థనలో నా పేరు తలుచుకోమను. మన పాస్టరు గారికి, పెదనాన్న గారికి నా వందనాలు. పిల్లలకి ముద్దులు. వేడినీళ్ళు తాగుతున్నాను, గొంతుకి మఫ్లర్ చుట్టుకుంటున్నాను, మాత్ర మర్చిపోవడం లేదు. దిగులు పడకు.

నేనిలా పేజీల మీద పేజీలు రాయడం చూసి యాదమ్మ పైకొచ్చి పక్కన కూర్చుంది. ఎవరికని అడిగింది. అక్కకని సైగ చేశాను. “నా మాట సుత ఒకటి రాయి” అంది. ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను:

“అక్కా, మీ చెల్లె నోరు మూసుకున్నది గని, తల వంచలే.”

మీ దీవెనలు కోరుతూ,
నీ చెల్లెలు
ప్రసన్న